పెళ్ళిచూపుల్లో గుడ్డు వాసన

కెమిస్ట్రీ చదివే అమ్మాయిని బస్సులో కళ్ళు మూసుకునే కనిపెట్టవచ్చని మీకు తెలుసా? మా డిగ్రీ రోజుల్లో మదనపల్లె నుంచి పుంగనూరుకు సాయంత్రం బస్సెక్కే ప్రతివారికీ ఆ విద్య వచ్చు. ల్యాబులో లవణాలను పరీక్షించడానికి మేము హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వాడేవాళ్ళం. దాని వాసన అచ్చం కుళ్ళిన కోడిగుడ్డు వాసన. చున్నీకీ జడకూ పట్టిందంటే తలంటు పోసుకుంటేగాని వదలదు. (ఎంత రద్దీలోనైనా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. చాలాకాలం దాన్ని నా వ్యక్తిత్వానికి దక్కిన గౌరవంగా భావించాను.)

మూడో సంవత్సరంలో సరిగ్గా ప్రాక్టికల్ పరీక్ష రోజునే మా అక్కకు పెళ్ళిచూపులు కుదిరాయి. మాది కిరాణా అంగడి నడిపే కుటుంబం. మా ఇళ్ళలో గుడ్డు గడప తొక్కదు. కుప్పం నుంచి వస్తున్నవారిదీ అదే ఆచారం. అంతకుముందు ఏ సంబంధం వచ్చినా ముఖం తిప్పుకున్న అక్క, ఈసారి అబ్బాయి ఫోటో చూసి తన చీర తానే ఇస్త్రీ చేసుకుంది. అమ్మకు మాత్రం ఒక్కటే బెంగ. "నీ డిబేట్లు కాలేజీలో పెట్టుకో. ఈడ నోరు తెరిచినావంటే సూడు" అని పొద్దున్నే హెచ్చరించింది.

పరీక్ష ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి వాళ్ళు వచ్చి కూర్చున్నారు. అబ్బాయి మేనమామ మా నాన్నతో, "మా ఇంట్లో గుడ్డు మాటే ఎత్తరప్పా" అని గర్వంగా చెబుతున్నారు. తల వంచుకుని వంటింట్లోకి జారుకుందామనుకున్నాను. ఇంతలో అబ్బాయి తల్లి, "చిన్నమ్మాయా? ఎండలో వచ్చినట్లుండావు, ఇట్ల కూర్చోమ్మా" అంటూ ఆప్యాయంగా నన్ను ఫ్యాను కిందే కూర్చోబెట్టారు. ఆ తర్వాతి పని ఫ్యాను చూసుకుంది.

మేనమామ కేసరి స్పూను కింద పెట్టారు. "ఏందప్పా ఇది, గుడ్డు కుళ్ళిన వాసన వస్తాండాది? మీరు శాకాహారులనే కదా మేము వచ్చినాం?"

నాన్న ముఖం పాలిపోయింది. తలుపు పక్కన అక్క వేళ్ళు కొంగును నలిపేస్తున్నాయి. నేను లేచి, అది ల్యాబులో పట్టిన గ్యాసు వాసనని వినయంగా విన్నవించాను.

"కాలేజీ పేరు చెప్తే సరా పాపా? గుడ్డు వాసన గుడ్డు వాసనే. నాకు తెలీదా?"

అక్కడితో ఆగి ఉండవలసింది. కాని ప్రత్యర్థి తన వాదనలోనే లొసుగు చూపితే వదలకూడదని కాలేజీ డిబేట్లలో నాకు నేర్పారు. "మామా, మీ ఇంట్లో గుడ్డు మాటే ఎత్తరన్నారు గదా. మరి ఇది గుడ్డు వాసనేనని మీకెట్ల తెలుసు?"

మేనమామ కేసరి ప్లేటు పక్కకు నెట్టారు. వాదన గెలిచి అక్క పెళ్ళి చెడగొట్టానని అర్థమైంది. అప్పుడు అబ్బాయి తల్లి మెల్లగా తమ్ముడి వైపు తిరిగారు.

"అవును గదరా. నీకెట్ల తెలుసు?"

"అది... బెంగళూరులో ఉండేటప్పుడు, రూములో పక్కనోళ్ళు..."

"పక్కనోళ్ళు కుళ్ళబెట్టుకుంటా ఉన్న్యారా?"

"లేదక్కా. నేనే ఆమ్లెట్టు ఏసుకుంటా ఉంటి. అప్పుడప్పుడు ఒక గుడ్డు కుళ్ళిపోయేది."

ముందుగా నవ్వింది అబ్బాయే. తాగుతున్న కాఫీ ముక్కుకెక్కింది. వెంటనే తలుపు పక్కనుంచి అక్క నవ్వు వినిపించింది. ఆ నవ్వు వినగానే అబ్బాయి తల, దగ్గు మధ్యలోనే, అటు తిరిగింది. ఇక పెద్దవాళ్ళు మాట్లాడుకోవడానికి ముహూర్తం తప్ప ఏమీ మిగల్లేదు. (గుడ్డు తినడం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నా అభ్యంతరమల్లా తర్కం గురించే.)

ఇప్పుడు నేనొక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మీటింగుల్లో నోటిదాకా వచ్చిన ప్రశ్నను మర్యాద కోసం మింగినప్పుడల్లా, కంపుకొట్టే జడతో ఫ్యాను కింద నిలబడిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అయితే ఆ రోజు అక్క పెళ్ళి నిలిచింది నా ప్రశ్న వల్ల కాదు, దాన్ని తన నోట మళ్ళీ అడిగిన ఒక పెద్దావిడ వల్ల. కనుక మీకొక మనవి: మీ ఇంట్లో ఏ పిల్ల అయినా నలుగురిలో ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తే, కసరకండి. అది న్యాయమైనదైతే, మీరూ ఒకసారి గట్టిగా అడగండి.