మేష్టారి బియ్యం డబ్బా

మంగళవారం పొద్దున్న మా రొయ్యల షెడ్డు బస్సు కోసం ముమ్మిడివరం సెంటర్లో నిలబడి ఉండగా మేష్టారి భార్య ఫోన్ చేశారు. "మేష్టారు వెళ్ళిపోయేరమ్మా" అన్నారావిడ. హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన మనిషి. రిటైరయ్యాక అమలాపురంలో ఇంట్లో కూర్చుని పాత ఫోన్లు విప్పి చూడటమే ఆయన పని. ఎదురుగా గురువారం లేబర్ ఆఫీసరు విచారణ. నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది, ఇప్పుడా వెళ్ళడం అని.

కొన్నాళ్ళ కిందట షెడ్డులో గ్యాసు లీకై ముగ్గురు పడిపోయారు. యాజమాన్యం అసలేమీ జరగలేదంది. జరిగింది చెప్పడానికి పదకొండు మంది ఆడవాళ్ళం సిద్ధపడ్డాం. అందరం ఒక్కసారే ఆఫీసరు ముందు నోరు విప్పాలి. పేర్లు ముందే తెలిస్తే ఒక్కొక్కరినీ పనిలోంచి తీసేస్తారు. అందుకే మెసేజీలు బయటివాళ్ళెవరూ చదవలేరని పేరున్న యాప్ ఒకటి అందరి ఫోన్లలో వేయించాను. ఆ తెలివికి మెచ్చుకుంటారని మేష్టారికి చూపించాను.

"యాప్ మంచిదేనమ్మా. ఫోన్ ఎవరిచ్చేరు?"

"షెడ్డు వాళ్ళేనండీ. హాజరు వెయ్యడానికి."

"తెలుగు దేంతో కొడుతున్నావు?"

"ఫోన్లో వాళ్ళు ముందే వేసిన కీబోర్డుతోనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తప్పు దొరికినప్పుడల్లా బళ్ళో కూడా అంతే చేసేవారు. "నీ యాప్ ఉత్తరాన్ని కవర్లో పెట్టి గట్టిగా అంటిస్తుంది. నువ్వు రాసేటప్పుడే వెనకాల నిలబడి చదివేవాడిని అదేం చేస్తుందే?"

అప్పటికే మా జట్టులో పెద్దావిడ పేరు ఆ కీబోర్డుతోనే టైపు చేసి పంపేశాను. రెండ్రోజులకే ఆమెను పనికి రావద్దన్నారు. ఫోనే పట్టించిందా అని మేష్టారిని నిలదీశాను. "ఏమోనమ్మా. పట్టించిందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. తెలియనిదాన్ని నమ్మకపోవడమే మన పని" అన్నారు.

అయితే యాప్ తీసేస్తానంటే ఒప్పుకోలేదు. తన పాత ఫోన్ ఒకటి పూర్తిగా తుడిచి, లోపల వేరే సాఫ్ట్‌వేర్ వేసి నా చేతిలో పెట్టారు. "దారిలో వినేవాళ్ళని నీ యాప్ ఆపుతుంది, అది చిన్న విషయం కాదు. ఈ ఫోన్ లోపలి చిప్పులో ఏముందో మాత్రం నాకూ తెలీదు. సాఫ్ట్‌వేర్ తన వంతు చేస్తుంది. తక్కినది మనమే చెయ్యాలి." ఇంత చదివిన మనిషి తెలీదు అని అంత తేలిగ్గా అనడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఆ తర్వాత పేర్లు ఏ ఫోన్లోనూ ఎక్కలేదు. ఆదివారాలు ఆయన పెరట్లో కూర్చునేవాళ్ళం. గుమ్మంలోనే ఖాళీ బియ్యం డబ్బా పట్టుకుని నిలబడేవారాయన. ఫోన్లన్నీ అందులో పడ్డాక మూతపెట్టి, వంటింట్లోకి తీసుకెళ్ళి పక్కన రేడియో పెట్టేవారు. "డబ్బాలోంచి ఫోన్లకి మన మాటలు వినపడవాండీ?" అని ఒకావిడ అడిగితే, "వినపడుద్దేమో. అందుకే దూరం, అందుకే రేడియో. ఒక్కదాన్నే నమ్ముకోకూడదమ్మా" అన్నారు. "ఆయ్" అందామె, ఇంకా అనుమానంగానే చూస్తూ.

బుధవారం సాయంత్రం ఆయన లేని ఇంటికి వెళ్ళాను. నేనొక్కదాన్నే వెళ్ళాననుకున్నాను. ఒకరి వెనక ఒకరు పది మందీ వచ్చారు. విచారణ మానేద్దామని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను. మేష్టారి భార్య డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే ఫోన్లు అందులో వేశారు. ఆవిడ దాన్ని వంటింట్లో పెట్టారు. రేడియో పెట్టడానికి మాత్రం ఆవిడకి చెయ్యి రాలేదు.

పెరట్లో, అందరి పేర్లూ రాసి రేపు ఆఫీసరుకివ్వాల్సిన కాగితం తీశాను. పని పోయిన పెద్దావిడ కలం లాక్కుని, "ముందు నాది" అని తన పేరు రాసింది. అంతలో వంటింట్లో డబ్బా మోగడం మొదలైంది. ఒక ఫోన్ ఆగగానే ఇంకోటి. ఆ హాజరు ఫోన్లకి అలా వరసగా చేసేది షెడ్డు వాళ్ళేనని అందరికీ తెలుసు. ఎవరూ లేవలేదు. కలం రెండో చేతికి వెళ్ళింది, తర్వాత మూడో చేతికి.