తెరవొద్దన్న డబ్బా

ముందు పోయినవి చెబుతాను. టీవీకి ఇరవై ఒక్క వేల నాలుగు వందల తొంభై రూపాయలు. గోడకు బిగించే స్టాండుకు అయిదు వందలు. తార్నాక షోరూముకు షేర్ ఆటోల్లో నాలుగుసార్లు, అందులో ఒకసారి ఇద్దరం, వెళ్ళి రావడానికి రెండు వందలు. అదే టీవీని ట్రాలీ ఆటోలో తీసుకుపోయి వెనక్కి తెచ్చినందుకు ఏడు వందలు. పగిలిన టీవీని చూసి పగిలిందని కాగితం మీద రాసినందుకు ఫీజు అయిదు వందల తొంభై. నాకు రెండు పూటలు, మా మెస్‌లో రొట్టెలు చేసే అక్కకు ఒక పూట కాంట్రాక్టరు కోసుకున్న కూలి ఏడు వందల అరవై. కొబ్బరికాయ ముప్పై అయిదు. ఊదుబత్తులు పది. కూడితే ఇరవై నాలుగు వేల రెండు వందల ఎనభై అయిదు. ముషీరాబాద్‌లో ఒక రిపేరు దుకాణం పనికొచ్చే భాగాల కింద ఇచ్చిన పదిహేను వందలు తీసేస్తే ఇరవై రెండు వేల ఏడు వందల ఎనభై అయిదు. ఒక మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకం కూడా పోయింది. దానికి ఎంత వేయాలో నాకు తెలియదు.

యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో నేను స్టోరు చూస్తాను. బియ్యం, పప్పు, నూనె తూచి ఇచ్చి రాసుకోవడం నా పని. ఏడో తరగతితో బడి మానేశాను. లెక్క మాత్రం నల్లకుంటలో కిరాణా కొట్టులో పొట్లాలు కడుతూ నేర్చుకున్నాను. మెస్‌లో ఇరవై రెండు మందిమి, అందరం కాంట్రాక్టు పనివాళ్ళమే. మధ్యాహ్నం రెండున్నరకు గిన్నెలు తోమడం అయిపోతే మళ్ళీ అయిదింటి దాకా వెనక గదిలో నడుం వాలుస్తాం. హాస్టల్లో టీవీ హాలు ఉంది కానీ అది విద్యార్థులది. క్రికెట్ ఉన్న రోజు మేము గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్ళం. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే నిలబడే చూసేవాళ్ళం. ఒకరోజు ఒక విద్యార్థి మర్యాదగానే, “అన్నా, కొంచెం జరుగుండ్రి, గాలొస్తలేదు” అన్నాడు. ఆ సాయంత్రం రొట్టెలు చేసే అక్క పీట మీద నుంచి లేవకుండానే చెప్పింది.

“మనిషికి వెయ్యి ఎయ్యుండ్రి. మన టీవీ మనమే కొనుక్కుందం. మన గాలి మనమే పీల్చుకుందం.”

అక్కది జనగామ దిక్కు. మెస్‌లో అందరికంటే పెద్దది. పూటకు ఏడు వందల రొట్టెలు ఆ చేతుల మీదుగా పోతాయి. కొత్త పొయ్యి వచ్చినా, కొత్త గ్రైండరు వచ్చినా కొబ్బరికాయ కొట్టేది ఆమే. ఆమె కొడితే కాయ రెండు సమాన చెక్కలవుతుందని మా వాళ్ళ నమ్మకం. నేను చూసినంతలో అది నిజమే.

డబ్బు పోగయ్యాక అందరూ నా చేతిలో పెట్టారు. లెక్క తప్పడన్నారు. ఇరవై రెండు వేలు. నేను తార్నాకలో మూడు దుకాణాలు తిరిగి, ధరలు రాసుకొని, అన్నిటికంటే తక్కువ చెప్పిన షోరూములో నలభై మూడు అంగుళాల టీవీ తీసుకున్నాను. పది రూపాయలు మిగిలాయి. అమ్మిన కుర్రాడు బిల్లు ఇస్తూ రెండు మాటలు చెప్పాడు.

“అంకుల్, డబ్బా మీరు తెరవొద్దు. కంపెనీ టెక్నీషియన్ వచ్చి తెరుస్తడు. మీరు ఓపెన్ చేస్తే వారంటీ పోతది. డెబ్బై రెండు గంటల్ల వస్తడు, టెన్షన్ లేదు.”

బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంది. రవాణాలో జరిగిన నష్టాన్ని నలభై ఎనిమిది గంటల్లోగా తెలపాలి. నేను ఆ కాగితం మొత్తం చదివాను. చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. డెబ్బై రెండు, నలభై ఎనిమిది రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇరవై నాలుగు. రోజుకు యాభై తీసివేతలు చేసే నేను ఆ ఒక్కటి చేయలేదు.

గురువారం పదకొండింటికి డబ్బా వచ్చింది. తెచ్చినవాళ్ళు గది మూలన, ఎడమ పక్క గోడకు తగిలేలా ఆనించి, సరుకు బాగుందన్న కాగితం మీద నా సంతకం తీసుకొని పోయారు. అక్క డబ్బాకు పసుపు కుంకుమ పెట్టింది. మిగిలిన పది రూపాయలతో తెచ్చిన ఊదుబత్తులు వెలిగించాం. కొబ్బరికాయ తన డబ్బుతో తనే తెచ్చింది. గడప మీద కొట్టింది. ఎప్పటిలాగే రెండు చెక్కలు. నీళ్ళు చింది డబ్బా మూల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి మా గ్రూపులో పెట్టారు. అందులో అక్క చేతిలో కాయ ఉంది, పక్కన డబ్బా ఉంది, అందరం నవ్వుతున్నాం.

టెక్నీషియన్ ఆదివారం పదిన్నరకు వచ్చాడు. డెబ్బై ఒకటిన్నర గంటలు. వాళ్ళ మాట తప్పలేదు. డబ్బా తెరిచి, థర్మాకోల్ తీసి, అలాగే ఆగిపోయాడు. కింద ఎడమ మూల నుంచి పైదాకా అద్దం చీలి ఉంది. ఆ మూల గోడ వైపున ఉన్నది.

“కింద దించేటప్పుడు మూల మీద పడ్డట్టున్నది” అన్నాడు.

“ఆ ముక్క రాసియ్యి బాబు.”

“నేను రాస్తే నా జాబ్ పోతది అంకుల్. షోరూముల మాట్లాడుకోండ్రి.”

సోమవారం పని విరామంలో వెళ్ళాను. అమ్మిన కుర్రాడు నన్ను గుర్తుపట్టడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు.

“ఫార్టీ ఎయిట్ అవర్స్ లోపల చెప్పాల్సిండె గద అంకుల్.”

“డబ్బా తెరవొద్దన్నది నువ్వే గద?”

“తెరవొద్దనే అన్న. చూస్కోవద్దనలే.”

“మూసిన డబ్బాల ఎట్ల చూస్తరు?”

“అది పాలసీ అంకుల్.”

ఆ మాట విన్నప్పుడు నాకు కాలి నుంచి నెత్తిదాకా మంట లేచింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి అచ్చు వేసినవాడికి తీసివేత రాక కాదు. బాగా వచ్చు కనుకే అలా వేశాడు. మధ్యలో ఉన్న ఇరవై నాలుగు గంటలు వాళ్ళు కావాలని తవ్విన గుంట. అందులో పడేది మాలాంటివాళ్ళే.

తనిఖీకి టీవీని తీసుకురమ్మన్నారు. ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాను. వాళ్ళ సర్వీసు మనిషి పది నిమిషాలు చూసి, ‘బయటి దెబ్బ, వినియోగదారుడి బాధ్యత’ అని రాసి ఫీజు తీసుకున్నాడు. అప్పుడు నాకు ఆ ఫొటో గుర్తొచ్చింది. డబ్బా వచ్చిన రోజు ఎక్కడా చిరగలేదు, సీలు కదలలేదు, టైముతో సహా కనబడుతుంది. ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది అనుకున్నాను. అక్కను కూడా వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆమె పండగ చీర కట్టుకొని వచ్చింది.

షోరూము మేనేజరు నా ఫోన్ తీసుకొని ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. సీలు చూడలేదు. అక్క చేయి చూశాడు.

“ఏందమ్మా, కొత్త టీవీ నెత్తి మీదనే కొబ్బరికాయ కొట్టిండ్రా ఏంది?”

కౌంటరు దగ్గర నలుగురు నవ్వారు.

“లేదు సారు. గడప మీద కొట్టిన. డబ్బా గోడ దిక్కు ఉండె.”

“మరి ఈ తడేంది?”

“నీళ్ళు చిందినై సారు.”

“చూసిండ్రా, ఆమెనే ఒప్పుకుంటున్నది” అన్నాడు నాతో.

“నీళ్ళు చిందితె అద్దం పగుల్తదా సార్?”

“ఏం తగిలిందో నాకేం తెల్సు? కొట్టింది నేనా?”

వెనక నుంచి ఇంకొకడు, “ఫ్రిజ్ కొంటే గుమ్మడికాయ కొడ్తరేమో సార్” అన్నాడు. వాడి నెత్తిన, వాళ్ళ షోరూము ద్వారానికే, దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. నేను అది చూపించాను. ఎవరూ తలెత్తలేదు. అక్క అప్పటికే బయటికి నడిచింది.

క్యాంపస్ గేటు దగ్గర ఆటో దిగుతూ అడిగింది.

“తమ్మీ, నిజంగ ఏమన్న దెబ్బ తగిలి ఉంటదంటవా?”

“గడప కాడ కొడ్తె గోడ కాడున్న డబ్బాకు ఎట్ల తగుల్తది అక్కా?”

ఆ సాయంత్రం టేపు తెచ్చి ఆమె ముందే కొలిచాను. గడప నుంచి డబ్బా ఉన్న చోటికి ఏడు అడుగుల రెండు అంగుళాలు. చీలిక మొదలైన మూల గోడ వైపుది, నీళ్ళు పడ్డ మూల గడప వైపుది. టెక్నీషియన్ అన్న మాట కూడా చెప్పాను. ఆమె అంతా విన్నది.

“నువ్వు లెక్క మంచిగనే జూపిస్తవు. గాని ఆ దినం జర జోరుగనే కొట్టిన తమ్మీ. నా చెయ్యి నాకు తెల్సు.”

లా చదివే ఒక విద్యార్థి వినియోగదారుల కమిషన్‌కు రాద్దామని కాగితాలన్నీ చూశాడు. సరుకు బాగుందని నేను పెట్టిన సంతకం దగ్గర ఆగి, “అంకుల్, ఇది పెట్టకుండ ఉండాల్సింది” అన్నాడు. కాగితాలు మడిచి వెనక్కి తెచ్చుకున్నాను, కేసు వేయలేదు.

దసరాకు మెస్‌లో పొయ్యిలకు, గ్రైండరుకు పూజ చేస్తాం. అంతా సిద్ధం చేసి కాయ అక్క చేతికి ఇచ్చారు. ఆమె దాన్ని పక్కవాడికి అందించింది. “నా చెయ్యి మంచిది గాదు, నువ్వు కొట్టు బిడ్డా” అన్నది. వాడు కొడితే కాయ మూడు ముక్కలైంది. ఆమె పిండి పిసకడానికి వెళ్ళిపోయింది.

మరునాడు విరామంలో అయిదోసారి తార్నాక వెళ్ళాను. డబ్బు అడగడానికి కాదు.

“ఇంకా గదే టీవీనా?” అన్నాడు మేనేజరు.

“పైసలు వద్దు సార్. కొబ్బరికాయతోని పగల్లేదని ఒక్క లైను రాసియ్యుండ్రి. ఆమెకు చూపిస్త.”

“రాసిస్తె రేపు అదే పట్టుకొని పైసలడుగుతరు. మాకు తెల్వదా?”

“ఫోన్ల ఒక్క మాట చెప్పుండ్రి సార్. నంబరిస్త.”

అతను సెక్యూరిటీని పిలిచాడు. నా గొంతు ఎంత పెరిగిందో నాకు తెలియదు కానీ టీవీలు చూస్తున్న ఒక కుటుంబం పిల్లలను దగ్గరికి లాక్కుంది. నన్ను మెట్లు దింపారు. ఒక్క వాక్యం. అది ఇవ్వడానికి వాళ్ళకు ఒక్క రూపాయి ఖర్చు కాదు.

డబ్బు నా చేతిలో పెట్టారు, రెండు అంకెలు చదివింది నేను. అందుకే అందరి వెయ్యీ నేనే తిరిగి ఇవ్వాలనుకున్నాను. రిపేరు దుకాణం ఇచ్చిన పదిహేను వందలతో మొదలుపెట్టి నెలకు ఇద్దరి చొప్పున ఇస్తూ వచ్చాను. “నీ తప్పేముందన్నా” అన్నారు కొందరు. అయినా తీసుకున్నారు. తీసుకోవాలి కూడా, వాళ్ళ కష్టం అది. అక్క దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ పిండి చేతులు చూపించింది.

“నా చేతుల పగిలినదానికి నువ్వు పైసలిస్తవా? ఉంచుకో తమ్మీ.”

ఆ నోట్లు తీసుకుంటే తన చేతిది తప్పు కాదని ఒప్పుకున్నట్టు. ఆమె ఒప్పుకోదు. ఒక మేనేజరు సరదాకు అన్న మాట ఆమెకు నా టేపు కంటే గట్టిది. ఆ కోపం నాలో ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. ఇరవై మందికి ఇచ్చేశాను. అక్కకు వెయ్యి రూపాయలు బాకీ.