నీలం తిరిగిన పొట్లం

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ ‘రెండోసారి’ అనేవారు. తాళం వేసి రెండోసారి లాగి చూడందే కదలడు. “నన్ను చూసుకోడానికి కూడా రెండుసార్లు వచ్చాడండీ మహానుభావుడు. మొదటిసారి వెలుతురు చాల్లేదట!” అని వాళ్లావిడ ఇంటికొచ్చిన వాళ్లందర్నీ నవ్వించేది.

పోలీసులు పట్టుకొచ్చిన పొడులేమిటో తేల్చడం ఆయన ఉద్యోగం. వెనకటి రసాయన శాస్త్రవేత్తలు తెలియని పదార్థాన్ని నాలుక మీద వేసుకుని, రుచి రాసిపెట్టేవారట. అది రాసేదాకా చెయ్యి ఆడినవాళ్లు ధన్యులు. ఇప్పుడా తిప్పలు యంత్రాలు పడుతున్నాయి. వేడి పెట్టెలో చుట్టచుట్టిన సన్నటి గొట్టం ఉంటుంది. పదార్థం ఆవిరై అందులో నడుస్తుంది. దేని నడక దానిది. చివర మరో యంత్రం దాన్ని ముక్కలు చేసి తూస్తుంది. కుండ పగిలితే పెంకులు ఎలాగైనా లేవొచ్చు గానీ, అణువు పగిలే తీరు మాత్రం ఎన్నిసార్లు పగలగొట్టినా దాదాపు ఒకటే.

ఒక ఉదయం పోలీసులు ఒక పొట్లం తెచ్చారు. దాని మీద ఉన్నది అంకె మాత్రమే. ఎవరిదో తెలియకూడదన్నది అక్కడి నియమం. కానీ పోలీసుల వెనకే ఒక ముసలావిడ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. నియమం ఆవిడకెవరు చెబుతారు?

“ఇప్పుడు లోపలికి పట్టుకెళ్లారే, అది నా కొడుకు జేబులోదయ్యా! నా దురద మాత్రలయ్యా! మింగలేనని వాడు పొడి చేసి ఇస్తాడు. రోడ్డు మీద ఆపి పోలీసులు ఆ పొడిలో ఏదో చుక్క వేశారట, నీలం తిరిగిందట, కొకైనట! స్కూలు వ్యాను తోలేవాడికి కొకైనెందుకయ్యా?”

ఆయన లోపల ఆ చుక్కే వేసి చూశాడు. నీలమే తిరిగింది. తర్వాత యంత్రం దగ్గరికి వెళ్లి, మీట మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఆవిడ గొంతు విన్నాక, ఆ పొడి మాత్రే కావాలని మనసు గట్టిగా కోరుకుంటోంది. అలా కోరుకునే మనిషి యంత్రం గీసే గీతల్ని చదవకూడదు.

గదిలో ఆ మూల, చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేసుకుంటున్న సహోద్యోగినిని భుజం తట్టి పిలిచాడు.

“అమ్మాయ్, ఇది నువ్వు చెయ్యి.”

“ఏం బాబాయ్, కళ్లు కనపడ్డం లేదా?”

“చెవులు మరీ బాగా వినపడుతున్నాయి.”

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న ముసలావిడ లేచి నిలబడింది. “తోసేశాడు! పక్కకి తోసేశాడు చూడండి! చేతులరిగిపోతాయా నాయనా? నా ఉసురు ఊరికే పోదు!”

ఆయన తలవంచుకుని, కడిగిన గాజుసామానే మళ్లీ కడుగుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి కుర్చీ తిప్పింది. అసలైన కొకైన్ పక్కన పెట్టి నడిపిస్తే దాని నడక వేరు, ముక్కలు వేరు. అలర్జీ మందు పెడితే గీతకి గీత సరిపోయింది.

“కొకైన్ కాదు బాబాయ్. ఉత్త అలర్జీ మందు. ఆ నీలం దీనికీ తిరుగుతుంది. ఎవరిది పాపం?”

“ఎవరిదో.” ఆయన కుర్చీని వెనక్కి తడుముకుని కూలబడ్డాడు. “మరి రెండో...”

“అప్పుడే పెట్టేశాన్లే! నీ సంగతి నాకు తెలీదూ?”

అదీ అలాగే వచ్చింది. నివేదికకి సీలు వేసి కోర్టుకి పంపారు. కోర్టు చెప్పేదాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదు. కానీ ఇంటికెళ్లాలంటే వరండా దాటాలి.

“వెళ్లి పడుకో పెద్దమ్మా.”

“వాడక్కడ లాకప్పులో ఉంటే నాకు నిద్రెలా పడుతుంది?”

“పడుతుందిలే. వెళ్లు.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు గానీ, మొహానికి నేర్పలేదు.

“ముందే చెప్పి చావొచ్చుగా!”

“నేనేం చెప్పాను?”

“ఏం చెప్పలేదులే,” అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుని, చెప్పులు వెతుక్కుంది.

మర్నాడు కోర్టు కొడుకుని వదిలేసింది. అప్పట్నుంచి ఆవిడ మాత్రని నమిలే మింగుతోంది. చేదు చేదని మొహం చిట్లిస్తే కొడుకు, “లాకప్పు కంటేనా అమ్మా?” అంటాడట.