మూయని అర్జీ

కెనడాలో, మానిటోబాలోని లార్చ్‌వుడ్ యూనివర్సిటీ ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చేది థెరీసా కొవాల్‌చుక్. మంచు బూట్లు బల్ల కింద విడిచి, ఉన్ని చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కంప్యూటర్లో విద్యార్థుల అర్జీలు తెరుస్తుంది. విద్యార్థి నుంచి తిరుగు జవాబు రాకపోతే ‘పరిష్కారమైంది’ అని నొక్కి అర్జీ మూసేయడం అక్కడి పద్ధతి. మూయడంలో ఒకప్పుడు ఆమెని మించినవాళ్ళు లేరు. ఒక చలికాలం జోసెలిన్ అనే పిల్ల, చదువు మానేస్తానని రాసింది. ఎందుకని థెరీసా అడిగింది. జవాబు రాలేదు. మూసేసింది. ఆ పిల్ల చనిపోయిందని తర్వాత తెలిసింది. ఎవరికీ చెప్పకుండా ఆ అర్జీని మళ్ళీ తెరిచి ఉంచింది. రోజూ పొద్దున్న ముందు దాన్నే చూస్తుంది.

మొన్న శుక్రవారం కొత్త సూపర్‌వైజర్ క్రెయిగ్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఏం థెరీసా, దీన్నొక్కదాన్నీ గుడ్డులా పొదుగుతున్నావేం?”

“జవాబు రావాలి, క్రెయిగ్.”

“రెండేళ్ళుగా రానిది ఇప్పుడొస్తుందా తల్లీ? ఇదొక్కటి మూస్తే మన పరిష్కారాలు నూటికి నూరు!”

అంటూనే తానే నొక్కేశాడు. వెనక బల్లలవాళ్ళు చప్పట్లు కొట్టి డోనట్ల పెట్టె విప్పారు. అర్జీ మూయగానే వెళ్ళే ఉత్తరం జోసెలిన్‌కి దానంతటదే వెళ్ళిపోయింది: ‘మీ సమస్య తీరింది. మా సేవ మీకు నచ్చిందా?’

ఇంటికెళ్ళే వేళ దాటినా థెరీసా బూట్లు తొడుక్కోలేదు. ఆ ప్రశ్నకు జవాబు వస్తుందేమోనని భయంభయంగా తెర వైపే చూస్తూ కూర్చుంది.