దార్కా తొక్కిన పెడలు

కెనడాలోని యార్క్‌టన్‌లో వాషింగ్ మెషిన్లు బాగుచేసి బతికిన వాసిల్‌కు రిటైరైనా చేతులు ఊరుకోవు. మంచి పనివాడే, కానీ ఎదుటివాళ్ళ మనసు తెలుసుకోవడంలో వట్టి మొద్దు.

అతనికీ అక్క దార్కాకీ చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి, బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చే హాకీ ఆటగాళ్ళ కార్డులు. ఆదివారం చర్చి నుంచి రాగానే వంటింటి బల్లమీద గుట్టగా పోసేవారు. అక్క ఒక్కొక్కటీ ఎత్తి "ఉంది, ఉంది, లేదు!" అంటుంటే తమ్ముడు డబ్బాల్లో సర్దేవాడు. అంతవరకూ తమ దగ్గర "లేదు" అన్న కార్డు దొరికితే ఇంట్లో పండగే. ఆ గమ్ తీపి వాసన వాసిల్‌ను ఇంకా వదల్లేదు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇద్దరూ ఒంటరివాళ్ళయ్యారు. ఆదివారం మాత్రం తప్పలేదు. పాత సామాన్ల అమ్మకాల్లో అతను పెట్టెలకు పెట్టెలు కొనుక్కొచ్చేవాడు, ఆమె చూసి చెప్పేది.

ఈమధ్య దార్కా వేళ్ళు వణికి కార్డులు జారిపోతున్నాయి.

"నా చేతుల పని అయిపోయిందిరా" అంది ఒకరోజు.

వాసిల్ మనసు చివుక్కుమంది. చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని యంత్రం కట్టాడు. పాత ప్రింటరు రబ్బరు చక్రాలు, వాక్యూమ్ క్లీనరు గొట్టం, ఫోను కెమెరా. అది కార్డును పీల్చి, చూసి, తనంతట తానే ఏ డబ్బాలో వెయ్యాలో అందులో వేస్తుంది.

అక్క ముందు నడిపించాడు. టీ చల్లారేలోపు పెట్టె ఖాళీ.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా." దార్కా కోటు తొడుక్కుంది. "ఇంక నాతో పనేముంది? వచ్చేవారం నుంచి బంగాళదుంప కూరిన పిరోహీలు వండి పంపిస్తాలే."

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది. ఆమె వెళ్ళాకగానీ మొద్దుకి అర్థం కాలేదు. కెమెరా పీకేశాడు. అమ్మ కుట్టుమిషను పెడలు తెచ్చి బిగించాడు. ముందుకు తొక్కితే "ఉంది" డబ్బా, వెనక్కి తొక్కితే "లేదు" డబ్బా.

ఆదివారం బతిమాలి తీసుకొచ్చాడు. "దీనికిప్పుడు కళ్ళు లేవక్కా. నువ్వు చూసి తొక్కితేనే కదులుతుంది."

"పనికిమాలినోడా, బాగున్నదాన్ని చెడగొట్టావు కదరా!" అంటూనే కూర్చుంది.

"ఉంది... ఉంది..." గొంతు మెల్లగా పాత పాటలో పడింది. ఇంతలో ఒక మీసాల గోల్‌కీపరు కార్డు వచ్చింది. దార్కా మడమ నొక్కింది. "లేదు!"

"అదేంటక్కా, వీడు మన దగ్గర బోలెడున్నాడుగా!"

"లేడన్నానా, లేడు. వచ్చే ఆదివారం వచ్చి మళ్ళీ చూస్తా."

వాసిల్ ఆ కార్డును "లేదు" డబ్బాలో సర్దాడు.