ఎదురింటి ఒమా అనుమానం

ఎదురింటి ఒమా పోయారని సోమవారం వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. కరోనా కాదట, నిద్రలోనే పోయారట. చదవగానే నాకొచ్చిన మొదటి ఆలోచన, ఒమా అయితే ఈ కబురు నమ్మేవారు కాదు అని. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని గుచ్చి గుచ్చి అడిగేవారు.

జర్మన్‌లో ఒమా అంటే అమ్మమ్మ. బ్రెమెన్ శివార్లలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడ అందరికీ ఒమానే. లాక్‌డౌన్ రోజుల్లో నేనూ నా రూమ్మేటూ ఆవిడ ఎదురు ఫ్లాట్‌లో దిగాం. తొంభై దాటిన మనిషి. మాస్కు లేకుండా గుమ్మంలోకి కూడా వచ్చేవారు కాదు. నేను సరుకులు తెచ్చిపెడితే పాల ప్యాకెట్టు మీద తేదీ చూసి, "ముందు వరసలోది తెచ్చావా? పాతవి ముందు పెడతారు వాళ్ళు," అనేవారు. నాకు ఒళ్ళు మండేది. వారం తిరక్కుండా నేనూ వెనక వరసలోంచి తీయడం మొదలుపెట్టాను.

ఒకరోజు, "నువ్వేం పని చేస్తావు?" అని అడిగారు. విమానాల రెక్కల డిజైన్ అన్నాను.

"ఎవరి విమానాలు?"

"ప్రయాణికులవి."

"అలాగే చెప్తారు," అని తలుపేసుకున్నారు.

ఆ మాట వెనక సంగతి తర్వాతెప్పుడో చెప్పారు. మా అపార్ట్‌మెంట్ ఉన్న చోటు ఒకప్పుడు విమానాల మైదానం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక జర్మనీ యుద్ధవిమానాలు పెట్టుకోకూడదన్నారు గెలిచినవాళ్ళు. అందుకని పైకి ఫ్లయింగ్ క్లబ్బు, లోపల సైన్యానికి పైలట్ల తయారీ. గడ్డి పెరక్కుండా అక్కడ గొర్రెలు మేపింది ఒమా వాళ్ళ నాన్నే. కొత్తవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో ఒక ఆఫీసరు పిల్లలకి నేర్పి, చెప్పినప్పుడల్లా చాక్లెట్ ఇచ్చేవాడట.

"'వీళ్ళు సరదాకి ఎగురుతున్నారు, ఆదివారం మేమూ ఎక్కుతాం.' కొత్తగా వచ్చిన ఒకాయన అడిగితే నేనూ అదే చెప్పాను, మా అన్నా అదే చెప్పాడు. ఆయన నవ్వేశాడు. ఇద్దరు ఒకే మాట ఒకేలా చెప్పారంటే, వాళ్ళకెవరో నేర్పారన్నమాట. మా అన్న పెద్దయ్యాక ఆ మైదానంలోనే ఎగరడం నేర్చుకున్నాడు. రెండో యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు," అన్నారు.

కరోనాతో విమానాలు ఆగిపోయి నా ఉద్యోగం పోయింది. కొత్త కాంట్రాక్ట్ చూపించకపోతే వీసా పొడిగిస్తారో లేదో తెలీదు. చివరికి ఒక చిన్న కంపెనీ పిలిచింది. పొలాలకి మందు చల్లే డ్రోన్లట. ఒమాకి చెప్తే, "అవి ఏం మోస్తాయో అడుగు," అన్నారు.

వీడియో కాల్‌లో అడిగాను. "రైతు భుజం మీది బరువు మా రెక్కలు మోస్తాయి," అన్నాడు మేనేజరు. ముచ్చటేసింది. మర్నాడు ఆ కంపెనీలోనే ఇంకొకావిడని అడిగితే అవే ముక్కలు, అదే చోట ఆగడం, అదే నవ్వు. మందు ట్యాంకు చూపించమన్నాను. సంతకం పెట్టాక చూపిస్తామన్నారు. నాకు ఒమా చాక్లెట్ల మాట గుర్తొచ్చింది. ఈ ఉద్యోగం వద్దని చెప్పేశాను.

మా వరంగల్ రూమ్మేటు నెత్తి కొట్టుకుంది. "నీకేమన్న పిచ్చి లేశిందా? వచ్చే వారమే గదా వీసా అపాయింట్‌మెంటు! ఆడికి వోయి ఏం జూపిస్తవ్? ముసలామె జెప్పిన చాక్లెట్ కథనా?"

దాని కోపంలోనూ న్యాయం ఉంది. కంపెనీవాళ్ళు చెప్పింది వట్టి ప్రకటన వాక్యమే కావచ్చు, నాకు ఇప్పటికీ తెలీదు. వీసా ఆఫీసులో కొన్నాళ్ళు గడువిచ్చారు, ఆలోపు వేరే పని దొరికింది. తెలియని పనికి సంతకం పెట్టకుండా ఆపినందుకు ఒమాకి మనసులో రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ సాయంత్రం ఇవేవీ తెలీదు. మాస్కు పెట్టుకుని వెళ్ళి ఎదురు తలుపు కొట్టాను.

"వద్దనేశాను, ఒమా."

"నిజంగానా? నన్ను సంతోషపెట్టడానికి చెప్తున్నావా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఈ మనిషిని ఇంకెలా నమ్మించాలి?

"వెనక్కి వెళ్ళు," అన్నారు. మా గుమ్మం దాకా వెళ్ళాను. "ఇప్పుడు మాస్కు తియ్యి." తీశాను.

తలుపు బార్లా తీసి నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత చెవుల వెనక తడుముకుని తన మాస్కూ తీశారు. అన్నాళ్ళుగా ఎదురింట్లో ఉంటూ ఆవిడ మొహం పూర్తిగా చూడటం నాకదే మొదటిసారి. పై పెదవి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది.