కేటలాగ్‌లో దొరకని నా జర్నల్

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా వ్యాసం ఒక జర్నల్‌లో అచ్చయిందని మా అత్తగారు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. థీసిస్ ఇవ్వాలంటే అచ్చయిన వ్యాసం ఒకటి ఉండాలి; గడువు దగ్గరపడటంతో నాది చెల్లుతుందో లేదో కనుక్కోవడానికి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. నిపుణులు పరిశీలించి వేసే జర్నళ్లు మాత్రమే వచ్చేలా లైబ్రేరియన్ మేడమ్ కేటలాగ్‌లో వెతికారు. నాది రాలేదు.

"ఇంకోసారి చూడండి మేడమ్."

"ఎన్నిసార్లు చూసినా ఉండదమ్మా. ఈ జర్నలోళ్లు ఎవరు ఏం పంపినా అచ్చేస్తరు. గిది మన దగ్గర చెల్లదు."

నల్లగండ్లలోని ఇంటికొచ్చేసరికి అత్తగారు కింది ఫ్లాటావిడకు ఫ్రేము చూపిస్తున్నారు.

"మా కోడలు రాసిందండీ!"

గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇంకో వ్యాసం అచ్చయ్యేలోపే గడువు దాటింది, పీహెచ్‌డీ పోయింది. ఆ సంగతి అత్తగారికి చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఆ ఫ్రేము మీది దుమ్ము తుడిచేది మాత్రం నేనే.